ఆప్యాయత పుట్టింది బిడ్డ కోసం

అలిపిరి మెట్ల దారిలోనూ తలకోన అడవిలోనూ కనబడే కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకదు. నడినెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలు విచ్చుకుని ఉంటాయి కాబట్టి దీన్ని బానెట్ మకాక్ అంటారు. చేతిలో సంచి లాక్కుపోయే జంతువుగానే చాలామందికి ఇది తెలుసు. కానీ మనుషుల మధ్య దగ్గరితనం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ కోతి మీద జరిగిన పరిశోధనలు చెప్పినంత సూటిగా జవాబు చెప్పినవి తక్కువ.

1960లలో న్యూయార్క్‌లో లియొనార్డ్ రోజెన్‌బ్లమ్, చార్లెస్ కౌఫ్‌మన్ అనే ఇద్దరు ఈ జాతినీ, దీనికి దగ్గరి చుట్టమైన పందితోక మకాక్‌నూ పెంచి పోల్చి చూశారు. పందితోక కోతులు ఎడం ఎడంగా కూర్చునేవి. తల్లి తన పిల్లను ఇంకో కోతి చేతికి పోనిచ్చేది కాదు. మన కోతులు మాత్రం ఒకదాన్నొకటి ఆనుకుని కుప్పగా కూర్చునేవి. పక్కనున్న ఆడకోతి వచ్చి పిల్లను ముట్టుకున్నా, ఎత్తుకున్నా తల్లి పెద్దగా అడ్డుపడేది కాదు. ఆ తర్వాత తల్లుల్ని కొన్ని వారాలపాటు గుంపు నుంచి తీసేశారు. పందితోక పిల్లలు ఒక రోజంతా అరిచి, వెతికి, ఆపైన ముడుచుకుపోయాయి. తల కాళ్ల మధ్య దూర్చి, ఆట మాని, చుట్టూ ఏం జరుగుతున్నా పట్టనట్టు కూర్చున్నాయి. బానెట్ పిల్లలూ మొదట కంగారుపడ్డాయి. అయితే గుంపులోని వేరే ఆడకోతులు వాటిని పొట్టకు కరుచుకున్నాయి, కుంగుబాటు ఆ స్థాయికి రాలేదు. ఇలాంటి ప్రయోగాన్ని ఇవాళ సమర్థించడం కష్టం. అది చూపించిన విషయాన్ని పక్కన పెట్టడమూ కష్టమే. తల్లికి బిడ్డ మీద మమకారం రెండు జాతుల్లోనూ ఉంది. తల్లి లేని రోజున తేడా వచ్చింది మాత్రం బిడ్డ చుట్టూ ఎన్ని చేతులున్నాయన్న దగ్గర.

మనిషి ఈ దారిలోనే చాలా దూరం నడిచాడు. చింపాంజీ పిల్ల పుట్టేనాటికి దాని మెదడు పెద్ద చింపాంజీ మెదడులో దాదాపు 40 శాతం ఉంటుంది. మనిషి బిడ్డకు 30 శాతం కూడా ఉండదు. మిగతాదంతా బయటే, ఎవరో ఒకరి చంకలో పెరగాలి. ఒక బిడ్డ తన తిండి తాను సంపాదించుకునే వయసుకు వచ్చేదాకా సుమారు 1.3 కోట్ల క్యాలరీలు ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలని మానవ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. చింపాంజీ తల్లి ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య ఐదారేళ్లు ఎడం ఇస్తుంది. వేటా సేకరణా మీద బతికే మనుషుల్లో ఆ ఎడం మూడు నాలుగేళ్లే. పెద్దబిడ్డ ఇంకా చేతికి అందిరాకముందే చిన్నబిడ్డ ఒడిలో ఉంటుంది. ఒక్క తల్లి సంపాదనతో, ఒక్క తల్లి ఓపికతో ఇది సాగదు. సారా బ్లాఫర్ హర్డీ అనే మానవ శాస్త్రవేత్త వాదన సారాంశం ఇదే: మన పూర్వీకుల్లో బిడ్డల్ని పదిమంది కలిసి పెంచారు కాబట్టే మనిషికి ఎదుటివాళ్ల మనసు చదివే గుణం అంత బలంగా వచ్చింది. టాంజానియాలోని హడ్జా తెగలో అమ్మమ్మల వయసు ఆడవాళ్లు గంటలకొద్దీ దుంపలు తవ్వి మనవల కడుపు నింపడం క్రిస్టెన్ హాక్స్ బృందం కళ్లారా చూసి రాసింది. కాన్పులు ఆగిపోయాక కూడా ఆడమనిషి దశాబ్దాలు బతకడానికి కారణం అదేనని వాళ్ల అంచనా.

బిడ్డ వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. పదిమంది చేతుల్లో పెరగాల్సిన బిడ్డ పదిమందినీ ఆకట్టుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ముఖం చూసి నవ్వడం, కళ్లలోకి చూడడం, ఊ కొట్టడం ఇవన్నీ ఆ పని కోసమే. చిత్తూరు పల్లెల్లో పుట్టింటి కాన్పు పద్ధతి, మూడో నెల దాకా బాలింతకు వంట, నీళ్లు, బిడ్డ స్నానం అన్నీ అవ్వ, అమ్మ, పిన్ని పంచుకోవడం ఈ పాత ఏర్పాటుకు దగ్గరగా ఉంటాయి. తిరుపతిలో రెండు గదుల ఫ్లాట్‌లో భర్త డ్యూటీకి పోయాక ఒంటరిగా చంటిబిడ్డతో పన్నెండు గంటలు గడిపే బాలింత పరిస్థితి మాత్రం మనిషి చరిత్రలో దాదాపు కొత్తది. ఆమెకు విసుగొస్తే, ఏడుపొస్తే అది ప్రేమ తక్కువై కాదు. చేతులు తక్కువై. రెండు వారాలు దాటినా ఆ దిగులు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక ఈ మమకారం శరీరంలో ఎలా పనిచేస్తుందన్నది. చిత్తూరు పాడిరైతుకు ఆక్సిటోసిన్ పేరు తెలియకపోయినా అది చేసే పని రెండు పూటలా తెలుసు. దూడను వదిలి నాలుగు గుటకలు తాగనిస్తే ఆవు చేపుతుంది. దూడ మూతి పొదుగుకు తగలగానే నరాల ద్వారా మెదడుకు కబురు పోయి, పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగుతుంది. నిమిషం, నిమిషంన్నరలో పొదుగులోని పాలగదుల చుట్టూ ఉన్న కణాలు బిగుసుకుని పాలు కిందికి వస్తాయి. ఆ ప్రభావం ఐదారు నిమిషాలకు మించి ఉండదు. అందుకే చేపిన ఆవును ఆలస్యం చేయకుండా పితుకుతారు. ఆ సమయంలో కుక్క మీదికొచ్చినా, కొత్త మనిషి కూర్చున్నా, దెబ్బ పడినా అడ్రినలిన్ పైకి లేచి పాలు ఆగిపోతాయి. భయం ఉన్నచోట ఈ హార్మోను పనిచేయదన్న మాట. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న అణువు ఆవులోనూ ఆడమనిషిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. పీయూష గ్రంథి సారం గర్భసంచిని బిగిస్తుందని హెన్రీ డేల్ 1906లో గమనించాడు. 1953లో విన్సెంట్ డు విగ్నో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఇవాళ కాన్పు గదిలో నొప్పుల కోసం ఎక్కించేదీ ఇదే.

చేపల్లో, పాముల్లో కూడా దీనికి చుట్టాల్లాంటి అణువులున్నాయి. అంటే ప్రేమకన్నా, పాలకన్నా ఇది చాలా పాతది. పాలిచ్చే జంతువుల్లో పరిణామం కొత్త పరికరం కనిపెట్టలేదు. ఉన్నదాన్నే మొదట కాన్పుకూ పాలకూ వాడుకుంది. అదే రసాయనం మెదడులోకి కూడా విడుదలై, ఆ క్షణంలో ఎదురుగా ఉన్న పిల్ల వాసననీ స్పర్శనీ మనసుకు ప్రియమైనవిగా ముద్ర వేసింది. గొర్రెల్లో ఇది కచ్చితంగా కొలవగలిగారు. ఈనిన సుమారు రెండు గంటల్లో తల్లిగొర్రె తన పిల్ల వాసన పట్టుకుంటుంది. ఆ తర్వాత వేరే పిల్ల పొదుగు దగ్గరికొస్తే తలతో నెట్టేస్తుంది.

ఇక్కడ ఒక అపోహను గట్టిగా కొట్టేయాలి. మనిషిలో అలాంటి రెండు గంటల గడువేమీ లేదు. సిజేరియన్ అయి మత్తులో ఉన్న తల్లి, బిడ్డ ఇంక్యుబేటరు పెట్టెలో ఉంటే వారం తర్వాత ఎత్తుకున్న తల్లి, దత్తత తీసుకున్న తల్లి, వీళ్లెవరికీ బంధం తప్పిపోదు. మనిషి మమకారం వాసన మీద ఒక్క పూటలో పడే ముద్ర కాదు. నెలల తరబడి చేసే పనితో కట్టుకునేది.

ఆక్సిటోసిన్‌ను ప్రేమ హార్మోను అని పిలవడం కూడా ఇక ఆపాలి. ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అనే చిన్న ఎలుకలాంటి జంతువు జీవితాంతం జంటగా ఉంటుంది. దాని కొండజాతి చుట్టం ఉండదు. మెదడులో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కడున్నాయన్నదే ఈ తేడాకు మూలమని 1990ల నుంచి చెప్పుకొచ్చారు. 2023లో ఆ గ్రాహకమే లేకుండా ప్రెయిరీ వోల్‌లను పుట్టిస్తే అవీ జంట కట్టాయి, పిల్లల్ని పెంచాయి. బంధానికి దారులు చాలా ఉన్నాయి, ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి పనిచేస్తుంది. పైగా ఇదే ఆక్సిటోసిన్ కొన్ని ప్రయోగాల్లో తనవాళ్ల మీద పక్షపాతాన్ని పెంచింది. బిడ్డను కాపాడే తల్లి బయటివాళ్ల మీద పళ్లు నూరడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. ముక్కులో చల్లుకునే ఆక్సిటోసిన్ స్ప్రేతో కాపురాలు బాగుపడతాయని నమ్మి డబ్బు పోసుకోవద్దు.

పాలు పట్టినందుకే బిడ్డ తల్లికి అతుక్కుంటుందని ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రం నమ్మింది. 1958లో హ్యారీ హార్లో ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. రీసస్ కోతిపిల్లల ముందు పాలిచ్చే తీగబొమ్మనూ, పాలివ్వని మెత్తటి గుడ్డబొమ్మనూ పెడితే పిల్లలు ఆకలికి మాత్రం తీగబొమ్మ దగ్గరికి పోయి, మిగతా రోజంతా గుడ్డబొమ్మనే కరుచుకున్నాయి. స్పర్శ కోసమే చర్మంలో ప్రత్యేకమైన నరాలున్నాయని తర్వాత తేలింది. సి-టాక్టైల్ అనే ఈ సన్నని తంతువుల్లో కబురు సెకనుకు ఒక మీటరు వేగంతో మాత్రమే, అంటే చాలా నిదానంగా, నడుస్తుంది. ఇవి నూగు ఉన్న చర్మంలో, అంటే ముంజేయి, వీపు, నుదురు లాంటి చోట్ల దండిగా ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, అందులోనూ 3 సెంటీమీటర్ల దరిదాపుల్లో, చర్మమంత వెచ్చగా ఉన్న చేతితో నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. లెక్క వేసుకుంటే మోచేతి నుంచి మణికట్టు దాకా చేయి జారడానికి ఏడెనిమిది సెకన్లు పట్టాలి. గబగబా రుద్దితే ఈ నరాలు పలకవు. మరీ నిదానమైతే పురుగు పాకినట్టుంటుంది. ఎవరూ నేర్పకపోయినా తల్లులు బిడ్డను నిమిరేటప్పుడు ఈ వేగాన్నే పట్టుకుంటారు. అయితే స్పర్శ మంచిదా చెడ్డదా అన్న తీర్పు నరం ఒక్కటే ఇవ్వదు. ముట్టుకునేది ఎవరన్నదీ, ఇష్టం ఉందా లేదా అన్నదీ మెదడు కలిపి చూస్తుంది. ఇష్టం లేని చేయి ఎంత నిదానంగా నిమిరినా ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఈ జ్ఞానం ప్రాణాలు నిలబెట్టిన చోటు కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గర్ రే అనే డాక్టరు నెలలు నిండని బిడ్డల్ని తల్లి రొమ్ముల మధ్య కట్టించాడు. 2021లో వెలువడిన ఐదు దేశాల పరిశోధనలో, అందులో భారతదేశమూ ఒకటి, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలకు పుట్టిన వెంటనే, రోజుకు దాదాపు 17 గంటలు ఇలా ఇచ్చారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. పద్ధతి కష్టమైనది కాదు, కానీ వివరాలు తప్పకూడదు. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపరు మాత్రమే ఉండాలి. నిటారుగా, రొమ్ముల మధ్య, ఛాతీకి ఛాతీ ఆనేలా పెట్టాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉంచాలి. గడ్డం ఛాతీ మీదికి వాలితే ఊపిరిగొట్టం ముడుచుకుంటుంది, ఇక్కడే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. కాళ్లు కప్పలా మడవాలి. కట్టిన గుడ్డ పై అంచు బిడ్డ చెవి దాకా రావాలి. ఒకసారి పెడితే గంటకు తగ్గకుండా ఉంచాలి, రోజుకు 8 గంటలు దాటి ఎంత వీలైతే అంత. తండ్రి ఛాతీ అయినా, అవ్వ ఛాతీ అయినా పనిచేస్తుంది. తల్లికి జ్వరమొస్తే కంగారూ ఆపేసే ఇళ్లు ఉన్నాయి. అప్పుడు ఇంకొకరు తీసుకోవాలి.

నూనె మర్దన విషయంలోనూ ఆధారాలున్నాయి. 1986లో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండని బిడ్డలకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేస్తే, మర్దన లేని బిడ్డలకన్నా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఒత్తిడి మధ్యస్థంగా ఉండాలి. మరీ తేలిగ్గా తగిలితే బిడ్డకు చక్కిలిగింతలా ఉండి చికాకు పడుతుంది. అవ్వలు కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసే పద్ధతిలో ఈ గుణం ఉంది. చెడేది వేరే చోట. ముక్కులో, చెవుల్లో ఆముదం పోయడం మానాలి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ముక్కు లాగడం, తల నొక్కడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. పుట్టిన మొదటి 24 గంటలు స్నానమే వద్దు. తక్కువ బరువు బిడ్డకు డాక్టరు చెప్పేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని నడిస్తే ఊరుకుంటుందని అందరికీ తెలుసు. తల్లి నోట కరిచి మోసుకుపోయేటప్పుడు ఎలుకపిల్ల కూడా ఒళ్లు వదిలేసి, గుండె వేగం తగ్గించుకుంటుంది. మోసేటప్పుడు కదిలి అరిచిన పిల్లను శత్రువు పట్టుకుపోతుంది కాబట్టి ఇది పాత రక్షణ. జపాన్‌కు చెందిన కుమి కురోడా బృందం 2022లో కొలతలు ఇచ్చింది. ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. బిడ్డ నిద్రపోయాక వెంటనే ఉయ్యాలలో వేయకుండా ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోవాలి. తొందరపడితే ఒంటి నుంచి వేరుపడిన క్షణంలోనే బిడ్డ లేస్తుంది.

బిడ్డ కోసం పుట్టిన ఈ ఏర్పాటును కోతులు పెద్దవాళ్ల స్నేహానికీ వాడుకున్నాయి. ఒకదాని బొచ్చు ఒకటి చూసుకోవడం పురుగుల కోసమే అయితే అంత సమయం అక్కర్లేదు. కొన్ని జాతులు పగటివేళలో ఐదో వంతు దీనికే ఖర్చు చేస్తాయి. 1980లలో బ్యారీ కెవర్న్ పరిశోధనలో, బొచ్చు చూపించుకున్న కోతుల మెదడు ద్రవంలో ఎండార్ఫిన్, అంటే నొప్పిని అణచి హాయినిచ్చే రసాయనం, పెరిగింది. బానెట్ మకాక్‌లలో మగవి కూడా ఒకదాన్నొకటి కౌగిలించుకుని, బొచ్చు చూసుకుని కూర్చుంటాయి. మకాక్‌లలో ఇది అరుదు. ఘాట్ రోడ్డులో అరటిపళ్లు, చిప్స్ విసిరేవాళ్లు ఈ సమయాన్నే చెడగొడుతున్నారు. తిండి ఒక్కచోట కుప్పపడితే బలమైనది కాపు కాస్తుంది, కాట్లాటలు పెరుగుతాయి.

అయితే గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి ఇచ్చే సమయం చాలదు. నవ్వు, మాట, పాట ఆ లోటు పూడ్చాయని రాబిన్ డన్‌బార్ వాదన. కలిసి నవ్విన మనుషులకు, కలిసి లయగా తెడ్డు వేసిన పడవ జట్టుకు నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగినట్టు అతని బృందం కొలిచింది. తెల్లవారుజామున వందలమంది ఒక్క గొంతుతో గోవిందలు కొడుతూ మెట్లెక్కేటప్పుడు, అంతకుముందు ముఖం చూడని మనిషికి చెయ్యి అందించడం వెనక ఇదీ ఒక కారణం కావచ్చు.

ఆలుమగల దగ్గరితనం ఈ వరసలో ఆలస్యంగా వచ్చింది. పక్షుల్లో సుమారు 90 శాతం జాతులు జంటగా బతుకుతాయి. పాలిచ్చే జంతువుల్లో పదో వంతు కూడా ఉండవు. మనిషిలో జంట బంధం బిడ్డను పెంచే పనితో ముడిపడి ఉందనడానికి మగవాడి ఒళ్లే సాక్ష్యం. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను నాలుగున్నరేళ్లు గమనిస్తే, తండ్రులైనవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. రోజూ మూడు గంటలకు పైగా బిడ్డను చూసుకునేవాళ్లలో ఇంకా తక్కువ. ఉయ్యాల ఊపడం, ముడ్డి కడగడం మగవాడి పని కాదనేవాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. పెదవుల ముద్దు మాత్రం మనిషికి అంత సార్వత్రికం కాదు. 2015లో 168 సంస్కృతులను పరిశీలిస్తే 46 శాతంలోనే జంటల మధ్య అది కనబడింది.

రోజెన్‌బ్లమ్ 1984లో మళ్లీ బానెట్ మకాక్‌ల మీదే ఇంకో పరీక్ష పెట్టాడు. కొందరు తల్లులకు తిండి సులభంగా దొరికేది, కొందరికి ఎప్పుడూ కష్టపడితేనే దొరికేది. మూడో గుంపుకు రెండు వారాలు సులభం, రెండు వారాలు కష్టం. ఆకలితో ఎవరూ లేరు. పిల్లలు ఎక్కువగా బెదిరిపోయినది మూడో గుంపులో. ఎప్పుడేమవుతుందో తెలియని తల్లి పిల్లను స్థిరంగా పట్టించుకోలేకపోయింది. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా వాటి వెన్నుద్రవంలో ఒత్తిడి రసాయనం ఎక్కువగా ఉందని 1996లో తేలింది. కష్టంకన్నా అస్థిరత ఎక్కువ దెబ్బ తీస్తుందన్నది ఈ మొత్తం పరిశోధనలో ఇళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే విషయం. షిఫ్టు డ్యూటీ ఉన్న తల్లిదండ్రులు గంటలు లెక్కపెట్టుకుని బాధపడేకన్నా, రోజూ ఒకే వేళకు అరగంట తప్పకుండా ఇవ్వడం మేలు.

దెబ్బ తిన్నదాన్ని బాగుచేయడానికీ వీలుంది, కానీ తొందరగా. రొమేనియాలో 2000 నుంచి అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను గమనించారు. సగంమందిని పెంపుడు ఇళ్లకు పంపారు. రెండేళ్లలోపు ఇల్లు దొరికిన పిల్లల్లో బంధం చాలావరకు కోలుకుంది.

తిరుమలలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయించే ఆచారం బిడ్డకు తల్లి కాక ఇంకో ఒడి ఉందని అందరి ముందూ చాటుతుంది. చాలా ఇళ్లలో తొమ్మిదో నెలో పదకొండో నెలో ముహూర్తం పెడతారు. సరిగ్గా ఆ నెలల్లోనే బిడ్డకు కొత్తముఖాల భయం ముదురుతుంది. పాకడం మొదలయ్యే వయసులో తనవాళ్లను వదిలి దూరం పోకుండా కాపాడే భయమది. బెంగళూరు నుంచో చెన్నై నుంచో ఆ ఉదయమే దిగిన మామ కూడా బిడ్డకు కొత్త మనిషే, క్షురకుడు సరేసరి. అందుకే మామ రెండు రోజులు ముందు రావాలి. రాగానే లాక్కుని ఎత్తుకోకుండా కింద కూర్చుని, బిడ్డ తల్లి ఒడిలో ఉండగానే ఆడించాలి. మర్నాడు తల్లి కనబడేటంత దూరంలో ఎత్తుకుని తిప్పాలి, ఒక పూట అన్నం అతనే తినిపించాలి. కల్యాణకట్టకు బిడ్డ నిద్రపోయి లేచి, పాలు తాగిన తర్వాత పోవాలి. తల్లి వెనక నిలబడకుండా ఎదురుగా, బిడ్డ కళ్లకు సమానంగా కూర్చుని మాట్లాడుతుండాలి. గుండు అయ్యాక ఫొటోల కోసం చేతులు మార్చకుండా ముందు తల్లి భుజం మీద వేయాలి. ఊపిరి నిదానించాక మామ దగ్గరికి పంపితే, బిడ్డ ఈసారి తనంతట తానే చేతులు చాస్తుంది.